కుటుంబ సంస్థలో చేరుతున్న మనవరాలికి

అమ్మాయీ,

వచ్చే నెల నుంచి సంస్థలో వైస్ ప్రెసిడెంట్‌గా కూర్చోబోతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మా అన్నయ్య భవనాలు కడుతున్న రోజుల్లో ఒప్పందాలూ అప్పుల లెక్కలూ చూసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పే చనువు నాకుందనుకుంటాను. డిజైన్ల గురించీ మార్కెట్ గురించీ చెప్పడానికి నీ చుట్టూ బోలెడంతమంది ఉంటారు. నేను నీ సంతకం గురించే రాస్తాను.

పేరున్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ వ్యాపారంలో అన్నిటికంటే సులువుగా దొరికేది అప్పు. కొత్తవాడు నెలల తరబడి తిరిగితే గానీ కదలని ఫైలు నీ ఇంటిపేరు చూడగానే కదులుతుంది. బ్యాంకు మేనేజరే ఎదురొచ్చి కుర్చీ చూపిస్తాడు. ఆ మర్యాదకు మురిసిపో, తప్పు లేదు. కానీ అతను మొహమాటపడి అడగని ప్రశ్నలన్నీ ఇంటికి వచ్చాక నువ్వే వేసుకోవాలి.

కెనడాలో టైల్స్ వ్యాపారంతో మొదలైన రైక్‌మన్ సోదరుల కథ తెలుసుకో. 1977లో న్యూయార్క్‌లో ఎనిమిది భవనాలను సుమారు 32 కోట్ల డాలర్లకు కొన్నారు. మార్కెట్ పడిపోయి అందరూ వెనకాడుతున్న సమయమది. ఆ తర్వాత వాటి విలువ ఎన్నో రెట్లు పెరిగింది. వాళ్ల మాట మీద ఎంత గురి కుదిరిందంటే, పూర్తి లెక్కలు చూపించకపోయినా బ్యాంకులు పోటీపడి అప్పులిచ్చాయి. ఆ ధైర్యంతోనే లండన్‌లో పాడుబడిన రేవుల దగ్గర కెనరీ వార్ఫ్ అనే ఆఫీసు భవనాల సముదాయం మొదలుపెట్టారు. అక్కడ 1991లో పూర్తయిన వన్ కెనడా స్క్వేర్ అప్పటికి బ్రిటన్‌లోనే అతి ఎత్తయిన భవనం. అయితే అప్పటికే ఆఫీసులకు గిరాకీ పడిపోయింది. జనం అక్కడికి చేరడానికి కావలసిన జూబిలీ రైలు మార్గం ఇంకా కాగితాల మీదే ఉంది. 1992 మే నెలలో వాళ్ల సంస్థ అప్పులు తీర్చలేక కోర్టులో దివాలా రక్షణ కోరింది. రైలు వచ్చింది 1999లో.

ఆ స్థలం ఎంపిక తప్పని నేను అనను. ఇవాళ అక్కడ పెద్ద పెద్ద బ్యాంకుల ఆఫీసులున్నాయి. పాల్ రైక్‌మన్ 1995లో మదుపరులను కూడగట్టి మళ్లీ దాన్ని చేజిక్కించుకున్నాడు. భవనం నిలదొక్కుకోవడానికి పట్టే కాలం ఒకటి, అప్పు తీర్చాల్సిన గడువు ఇంకొకటి కావడమే దెబ్బతీసింది. అమెరికాలో భవనాల వ్యాపారం చేసే కుష్నర్ కుటుంబం 2007లో 180 కోట్ల డాలర్లకు కొన్న న్యూయార్క్ భవనం 666 ఫిఫ్త్ అవెన్యూ సంగతీ ఇంతే. ఒక్క ఆఫీసు భవనానికి అమెరికాలో అంతవరకు ఎవరూ అంత ధర పెట్టలేదు. చాలావరకు అప్పే. మరుసటి ఏడాది ఆర్థిక సంక్షోభం వచ్చింది, అద్దెలు వడ్డీకి చాలకుండా పోయాయి. చివరికి 2018లో దాన్ని 99 ఏళ్ల లీజుకు ఇచ్చేశారు.

అందుకే ఏ ప్రాజెక్టు ఫైలు నీ బల్ల మీదికి వచ్చినా రంగుల బొమ్మలు పక్కన పెట్టి అద్దెల పట్టీ తీసుకో. ఎవరి ఒప్పందం ఏ నెలలో ముగుస్తుందో నీ చేత్తో నువ్వు రాసుకో. గుమాస్తా రాసిచ్చింది చదివితే కళ్లు జారిపోతాయి. ఆ నెలల పక్కనే అప్పు గడువు రాయి. పెద్ద అద్దెదారు ఖాళీ చేయగలిగే సంవత్సరమూ అప్పు అసలు కట్టాల్సిన సంవత్సరమూ ఒకటే అయితే, ఆ ఫైలు మీద సంతకం పెట్టకు. గడువు పొడిగించమని బ్యాంకును ముందే అడగాలి. డబ్బు చేతికొచ్చాక అడిగితే వాళ్ల గొంతు మారిపోతుంది.

ఇక పూచీకత్తు. ఇది దస్తావేజు చివరి పేజీల్లో, అందరికీ ఆకలేస్తున్న సమయానికి వస్తుంది. ‘మామూలుదే, అందరూ పెట్టేదే’ అంటాడు లాయరు. కాస్త ఆపి అడుగు. అప్పు తీరకపోతే పోయేది ఆ భవనం ఒక్కటేనా, నా సొంత ఇల్లు కూడానా? కట్టడం పూర్తి చేస్తామన్న పూచీయా, బాకీ మొత్తం చెల్లిస్తామన్న పూచీయా? ‘ఉమ్మడిగానూ విడివిడిగానూ’ అన్న మాట కనిపిస్తే మరీ జాగ్రత్త. ముగ్గురు కజిన్స్‌తో కలిసి సంతకం పెట్టినా, ఆ ముగ్గురి దగ్గర డబ్బు ఉన్నా లేకపోయినా బాకీ మొత్తం నీ ఒక్కదాని దగ్గరే వసూలు చేసుకోవచ్చని దాని అర్థం. పాత భాగస్వాములతో ఉన్న స్నేహం కోసమో, మీ బాబాయి ముందు పిరికిదానిలా కనిపిస్తానన్న సిగ్గుతోనో పెట్టిన సంతకాన్ని ఏ కోర్టూ వెనక్కి ఇవ్వదు.

భవనాలు చూడటానికి వెళ్లేటప్పుడు ముందుగా కబురు చేయకు. చెబితే లాబీలో పూలకుండీలు పెట్టి ఎదురుచూస్తుంటారు. నేరుగా సెల్లార్‌లోకి దిగు. గోడ మీద మోకాలి ఎత్తున తెల్లటి ఉప్పుచార కనిపిస్తే, పైన కొత్త రంగు వేసి ఉన్నా సరే, అక్కడ నీళ్లు ఎంతవరకు చేరాయో తెలిసిపోతుంది. పంపు గదిలో స్పేర్ మోటారు ఉందో లేదో, ఉంటే తిరుగుతుందో లేదో వాచ్‌మన్‌ను అడుగు. ఇంజనీరు నివేదికలో లేని విషయాలు అతనికి తెలుసు. నీ ముందు చెప్పడానికి మొదట్లో భయపడతాడు, రెండోసారి వెళ్లినప్పుడు చెబుతాడు.

బంధువుల సంగతి క్లుప్తంగా రాస్తాను, నీకూ తెలిసిందే కదా. వాటాలున్నవాళ్లలో సగం మంది ఆఫీసు గడప తొక్కరు. వాళ్లకు ఏటా డివిడెండ్, అంటే లాభంలో వాటా, కావాలి, నీకేమో పాత లిఫ్టులు మార్చాలి. ఇద్దరిదీ న్యాయమే. ఈ తగవు భోజనాల బల్ల దగ్గర తేల్చకు, బోర్డులో తేల్చి మినిట్స్, అంటే సమావేశపు నిర్ణయాలు, రాయించు. హాంకాంగ్‌లో సన్ హంగ్ కాయ్ అనే భవనాల సంస్థను నిలబెట్టిన క్వాక్ తక్ సెంగ్ 1990లో పోయాక ముగ్గురు కొడుకులు దాన్ని నడిపారు. 2008లో పెద్దవాణ్ణి ఛైర్మన్ పదవి నుంచి దించి తల్లిని కూర్చోబెట్టారు, విషయం కోర్టుకెక్కింది. వాళ్లకు డబ్బు తక్కువై కాదు.

మీ అత్తయ్య తన స్నేహితురాలికి తక్కువ అద్దెకు అంతస్తు ఇమ్మని అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. ఇవ్వాలనిపిస్తే ఇవ్వు. ఎంత తగ్గించావో, ఎవరు అడిగారో, ఎన్నాళ్లకో కాగితం మీద పెట్టు. రేపు ఆడిటర్ అడిగితే మొహం చాటేసే అవసరం ఉండదు.

చేరిన వారంలోనే ఇంతవరకు మన కుటుంబం తరఫున ఎవరెవరు ఏయే అప్పులకు పూచీ పడ్డారో జాబితా అడుగు. అలాంటి జాబితా లేదంటారు, నాకు తెలుసు. ఉన్న ఫైళ్లు తెప్పించుకుని నువ్వే తయారు చేయి. అది పూర్తయ్యేవరకు కొత్త కాగితం దేనిమీదా సంతకం పెట్టకు. మీ నాన్న తొందరపెడితే చిన్నతాత ఆపమన్నాడని చెప్పు, మిగతాది వాడితో నేను మాట్లాడుకుంటాను.

ఆశీస్సులతో,
నీ చిన్నతాత