ముక్కలు లెక్కేసుకుని కొట్టుకు వెళ్లు

తిరుపతి

అమ్మాయీ,

నువ్వు పంపిన బొంత డిజైను చూశాను. అందులో గుడ్డ గజాల్లో రాసుంది, అదీ 44 అంగుళాల పన్నాకు, అంటే గుడ్డ వెడల్పుకు. ఆ గజాలు పట్టుకుని కొట్టుకు వెళ్లకు. ఎన్ని ముక్కలు కావాలో రాసుకుని వెళ్లు. అప్పుడు ఏ పన్నా దొరికినా కొలత అక్కడికక్కడే తేలుతుంది.

నీది తొమ్మిది చదరాలు కలిపి కుట్టే బ్లాకు, కుట్టాక 9 అంగుళాలు. అడ్డంగా 6, నిలువుగా 9, మొత్తం 54 బ్లాకులు. చుట్టూ 3 అంగుళాల బార్డరు వేస్తే 60కి 87 వస్తుంది, సింగిల్ మంచానికి చాలు. కుట్టులోకి పోయేది కలుపుకుని చదరాన్ని మూడున్నర అంగుళాలకు కత్తిరించు. ముదురు రంగువి బ్లాకుకు 5 చొప్పున 270, లేతవి 4 చొప్పున 216. 44 పన్నా గుడ్డ తడిపి, అంచులు తీసేస్తే 42 మిగులుతుంది, అంటే పన్నా మేర అడ్డంగా కోసిన ఒక్కో పట్టీకి 12 చదరాలు. ముదురుకు 23 పట్టీలు, లేతకు 18. తడిపినప్పుడు కుంగేది కూడా కలుపుకుంటే ముదురు రెండుంబావు మీటర్లు, లేత ఒకటిముప్పావు, బార్డరుకు ముప్పావు. అదే 36 పన్నా అయితే పట్టీకి 9 చదరాలే వస్తాయి, ముదురు గుడ్డే 3 మీటర్లు పడుతుంది. మీటరు ధర చూసి చవకనుకుంటే దెబ్బతినేది ఇక్కడే.

గాంధీ రోడ్డు పెద్ద షోరూముల కంటే నీ పనికి సందుల్లోని మ్యాచింగ్ సెంటర్లే మేలు. ఒకే ఆకుపచ్చలో పది ఛాయలు పక్కపక్కన పేర్చి ఉంటాయి. పండగ ముందు, ముహూర్తాల రోజుల్లో వెళ్లకు, నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మామూలు రోజు పొద్దున పూట వెళ్లి, ముందు కట్ పీసులు అడుగు. అట్టతో మూడున్నర చదరం ఒకటి చేసుకుని సంచిలో పెట్టుకో, ముక్క మీద ఆనిస్తే ఎన్ని వస్తాయో తెలిసిపోతుంది. ట్యూబులైటు కింద రంగు నమ్మొద్దు, గుమ్మం దాకా తెచ్చి చూడు. కావలసిందంతా ఒకే తానులోంచి కోయించు. మళ్లీ వెళ్లేసరికి ఆ తాను అయిపోయి ఉంటుంది, కొత్తదాని రంగు ఎంతోకొంత తేడాగానే ఉంటుంది.

కాటనేనా అంటే అందరూ కాటనే అంటారు. ఒక పోగు అడిగి తెచ్చుకుని ఇంట్లో కాల్చు. నూలైతే కాగితం వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరు కలిస్తే కరిగి గట్టి పూస కడుతుంది.

కాళహస్తి కలంకారీ ముక్క దొరికితే బొమ్మను చదరాలుగా నరికేయకు, పాపం. తొమ్మిదిన్నరకు నిండుగా కత్తిరించి ఒక బ్లాకు స్థానంలో పెట్టు. దాన్ని విడిగా తడిపి నీడలో ఆరబెట్టు.

కుట్టేటప్పుడు మార్జిన్ పావంగుళం. మిషన్ పాదం అంచును నమ్ముకోకు, సూది నుంచి పావంగుళం కొలిచి అక్కడ టేపు అంటించు. ప్రతి కుట్టుకూ రెండు వైపులా అరపావు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున ఎక్కువ పోతే, అడ్డంగా ఉన్న 17 కుట్లకు బొంత నాలుగుంబావు అంగుళాలు తగ్గిపోతుంది.

మన ఎండలకు లోపల దూది అక్కర్లేదు. ఉతికితే ఉండలు కడుతుంది కూడా. పాత నూలు చీర చాలు. ఐదున్నర మీటర్ల చీరను సగానికి కోస్తే 108 అంగుళాల ముక్కలు రెండు, పక్కపక్కన కలిపితే వెడల్పు మిగిలిపోతుంది. కోసేముందు వెలుతురుకు పట్టి చూడు, మడతల దగ్గర పలచబడిన చోట్లు తప్పించు. అడుగు గుడ్డకు ఇంకో చీర. పైన కుట్టిన బ్లాకులు, నడిమి చీర, అడుగు గుడ్డ మూడూ నేల మీద పరిచి, జానెడుకొకటి చొప్పున పచ్చికుట్లు (తర్వాత విప్పేసే కుట్లు) నడిమి నుంచి బయటికి వేసుకో. అంచుల నుంచి మొదలుపెడితే ముడతలు మధ్యలో ఇరుక్కుంటాయి. తర్వాత మూడంగుళాలకొక వరస చేతి కుట్టు.

ఎర్ర గుడ్డను మాత్రం కత్తిరించక ముందే విడిగా నానబెట్టి, తడిగా ఉండగానే తెల్ల గుడ్డతో రుద్ది చూడు. రంగు అంటుకుంటే, అంటుకోవడం ఆగేదాకా మళ్లీ మళ్లీ ఉతుకు. ఉప్పు నీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందని చెబుతారు, నమ్మకు. ఎంతకీ ఆగకపోతే ఆ ఎరుపు పక్కన పెట్టేసి మెరూన్ తెచ్చుకో, దాన్నీ ఇలాగే రుద్ది చూశాకే కత్తెర పెట్టు.

నీ పెద్దమ్మ