దీర్ఘకాలిక నడుము నొప్పికి వీఆర్ హెడ్‌సెట్ పనిచేస్తుందా?

మీ అమ్మగారికి ఏళ్ల తరబడి నడుము నొప్పి, వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకు పెట్టుకుంటే చుట్టూ కంప్యూటర్ సృష్టించిన లోకం కనిపించే పరికరం) కొనిస్తే ఆటల్లో పడి మర్చిపోతారా అని అడిగారు. పెట్టుకున్నంతసేపు మర్చిపోతారు. తీశాక ఏమిటన్నదే అసలు సంగతి.

ధ్యాస మళ్లించడం ఆసుపత్రిలో బాగా పనికొస్తుంది. సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో పరిశోధకులు హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ కాలిన గాయాలకు కట్లు మార్చేటప్పుడు రోగులకు వీఆర్‌లో 'స్నోవరల్డ్' అనే మంచులోయ చూపించారు. మంచు ముద్దలు విసిరే పనిలో పడితే నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. కానీ అది కాసేపటి నొప్పి. మనది పొద్దున లేచిన దగ్గర్నుంచి పక్క మీద వాలేదాకా ఉండేది.

నేను అమెరికాలో ఉంటాను. నాకు డాక్టర్ రాసిచ్చింది రిలీవ్ఆర్ఎక్స్, అంటే నడుము నొప్పికి ఇంట్లోనే చేసుకునే వీఆర్ శిక్షణ. దీని పాత పేరు ఈజ్‌వీఆర్ఎక్స్, అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ 2021 నవంబర్‌లో దీన్ని అనుమతించింది. ఎనిమిది వారాల్లో 56 సెషన్లు, ఒక్కోటి 2 నుంచి 16 నిమిషాలు. హెడ్‌సెట్‌కు తగిలించిన చిన్న భాగం మన ఊపిరిని మైక్ వైపు పంపుతుంది. దాంతో ఎలా ఊపిరి తీస్తున్నామో మనకే తెలుస్తుంది. నొప్పి వస్తుందేమోనన్న భయంతో ఊపిరి బిగబట్టేస్తున్నానని నాకు అక్కడే అర్థమైంది. ఇప్పుడు సింకు దగ్గర గిన్నెలు తోముతుంటే నడుము పట్టేసిందనుకోండి, గట్టు మీద రెండు చేతులూ ఆనించి, భుజాలు వదులు చేసి, నెమ్మదిగా ఊపిరి వదులుతాను. నొప్పి మొత్తం పోదు, టెన్షన్ పోతుంది. మిగతా గిన్నెలు తోమేస్తాను. ఏళ్లుగా బాధపడ్డవాళ్లకు అది చిన్న విషయం కాదు!

179 మందితో చేసిన పరీక్షలో దీన్ని వాడినవాళ్లలో 66 శాతం మంది తమ నొప్పి 30 శాతానికి పైగా తగ్గిందన్నారు. హెడ్‌సెట్‌లో మామూలు వీడియోలు చూసినవాళ్లలోనూ 41 శాతం మంది అదే మాటన్నారు. కాబట్టి అద్భుతాలు ఆశించకండి. ఐదుగురిలో ఒకరికి హెడ్‌సెట్ ఇబ్బంది పెట్టింది, కొందరికి వికారం కలిగింది. హెడ్‌సెట్ బరువు తల మీద ఉంటుంది, మెడ నొప్పి ఉన్నవాళ్లు జాగ్రత్త.

కొనేముందు తెలిసినవాళ్ల దగ్గర తీసుకుని, అమ్మగారిని వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టి ఐదు నిమిషాలు పెట్టి చూడండి. ఆటలు కాదు, ఊపిరి వ్యాయామం ఉన్న యాప్ పెట్టండి. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం అదుపు తప్పినా ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫిజియోథెరపీ చేయిస్తుంటే మాత్రం ఆపకండి, వీఆర్ దానికి తోడే.