పాత కాకి బొమ్మ: దారాలు మార్చండి, రంగు మాత్రం వద్దు

ప్రశ్న: అమెరికాలో పాత సామాన్ల అమ్మకంలో, దారాలతో ఆడించే కాకి బొమ్మ ఒకటి కొన్నాను. చేత్తో చేసింది. గడ్డి టోపీ, తెల్ల చేతి తొడుగులు, ముక్కు చుట్టూ లావుపాటి ఎర్ర పెదాలు. దారాలు చిక్కుపడ్డాయి, రెండు తెగాయి. అన్నీ కత్తిరించి కొత్తవి కట్టేయనా?

జవాబు: ఒక్కసారిగా కత్తిరించకండి. బొమ్మ నిలబడే తీరు, నడక అన్నీ దారాల పొడవులోనే ఉంటాయి. అవి పోతే ఆ కొలతలు మళ్లీ దొరకవు. ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. చేత్తో పట్టుకునే కంట్రోల్ చెక్కను కొక్కేనికి తగిలించి, పాదాలు బల్లకు ఆనేలా ఎత్తు సరిచేయండి.

మనిషిలా నిలబడే బొమ్మకు మామూలుగా 9 దారాలు: తలకు 2, భుజాలకు 2, చేతులకు 2, మోకాళ్లకు 2, నడుముకు 1. ఒక దారం విప్పి, అదే పొడవుతో కొత్తది కట్టాకే ఇంకోదాని జోలికి వెళ్లండి. తెగిన వాటికి రెండో పక్క దారమే కొలత. భుజాలతో మొదలుపెట్టండి, ఒంటి బరువు మోసేది అవే. తల దారాలకు తలను నిటారుగా ఉంచేంత బిగువు చాలు. అవి పొట్టివైతే ఒళ్లంతా మెడకే వేలాడి, మెడలోని తోలు ముక్క చిరుగుతుంది. పాత బొమ్మల్లో ఎక్కువగా కనిపించే దెబ్బ ఇది, ఓసారి మెడ వంచి చూడండి.

నల్లటి అల్లిక పాలియెస్టర్ దారం వాడండి. గాలాలకు కట్టే ఒంటిపోగు నైలాన్ వద్దు. అది వెలుగులో మెరుస్తుంది, చుట్టలో పడ్డ వంపు వదలదు, ముడి జారిపోతుంది. తీసిన పాత దారాలను ‘ఎడమ మోకాలు’, ‘కుడి చెయ్యి’ అని రాసిన కవర్లలో దాచండి. దుమ్ముకు మెత్తటి పొడి బ్రష్ చాలు. తడి దూది వాడాలనుకుంటే ముందు టోపీ కింద, కనబడని చోట దొర్లించి చూడండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపేయండి. పెచ్చులు లేచిన చోట అసలు తాకవద్దు.

ప్రశ్న: ఇది నల్లవారిని అవమానించే బొమ్మని మా అబ్బాయి అంటున్నాడు. కాకే కదా! ఆ పెదాల మీద నల్లరంగు పూసేస్తే సరిపోదా?

జవాబు: కాకికి పెదాలెక్కడివి? మీ అబ్బాయి చెప్పింది నిజం. ఆ పెదాలు మిన్‌స్ట్రెల్ షోల నుంచి వచ్చాయి. తెల్లనటులు కాల్చిన కార్క్ మసి ముఖానికి పూసుకుని, పెదాలు లావుగా దిద్దుకుని, నల్లవారిని వెక్కిరిస్తూ ఆడిపాడిన ప్రదర్శనలవి. వారిలో ఒకడైన థామస్ డి. రైస్ 1830లలో ‘జిమ్ క్రో’ (క్రో అంటే కాకి) పాత్రతో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత ఆ పేరే అమెరికా దక్షిణాది రాష్ట్రాల జాతి వేర్పాటు చట్టాలకు స్థిరపడింది. 1941లో వచ్చిన డిస్నీ కార్టూన్ సినిమా ‘డంబో’లో కాకుల నాయకుడికి తయారీ దశలో పెట్టిన పేరూ అదే, గొంతిచ్చింది తెల్లనటుడు క్లిఫ్ ఎడ్వర్డ్స్. 2021లో డిస్నీ ప్లస్ ఆ సినిమాను చిన్నపిల్లల ప్రొఫైళ్ల నుంచి తీసేసింది. మనిషి బొమ్మగా చేస్తే ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పే వెక్కిరింత, జంతువు వేషంలో పిల్లల గదిలోకి సులువుగా వచ్చేసింది.

అలాగని ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. తెల్ల తొడుగులు కార్టూన్లలో నల్లటి ఒంటి మీద చేతులు కనబడటానికీ పనికొచ్చాయి. పెదాలు, తొడుగులు, టోపీ కలిసి ఉన్నాయా, నల్లవారిని వెక్కిరించే బొమ్మల్లో తరచూ పెట్టే బాంజో (తీగల వాద్యం) గానీ పుచ్చకాయ ముక్క గానీ చేతిలో ఉందా అని చూడాలి. మీ బొమ్మకు మొదటి మూడూ ఉన్నాయి.

అయినా రంగు పూయకండి. కొత్త రంగు గీకితే కిందిదీ ఊడి వస్తుంది. పైగా ఎవరు ఎలా వెక్కిరించారో చెప్పే సాక్ష్యం ఆ పెదాలే. ఆడించడానికి కాకి కావాలంటే కొత్త తల చేయించండి. పాత తల మెడ కొక్కేనికి తగిలించినదైతే విప్పి భద్రపరచవచ్చు. కొత్త తల బరువు పాతదానికి దగ్గరగా ఉండాలి. తేలికైతే తల వాలదు, దారం వదిలినా పైనే నిలిచిపోతుంది. పాత తలను ప్రదర్శనకు పెడితే పక్కన చీటీ ఉండాలి: దేనితో చేశారు, ఎక్కడ దొరికింది, ఆ పెదాలు ఎక్కడివి. మిచిగన్ రాష్ట్రంలోని ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో ఇలాంటి వస్తువులకే జిమ్ క్రో మ్యూజియం ఉంది, అక్కడ చేసేది ఇదే: దాచిపెట్టకుండా, వివరంతో చూపిస్తారు.

ప్రశ్న: ఐదేళ్ల పాపకు ఆడుకోవడానికి ఇవ్వవచ్చా?

జవాబు: వద్దు. అమెరికాలో ఇళ్ల రంగుల్లో, బొమ్మల రంగుల్లో సీసాన్ని (లెడ్ అనే విష లోహాన్ని) నిషేధించింది 1978లో. అంతకు ముందు బొమ్మైతే రంగులో సీసం ఉండవచ్చు, పాదాల్లో బరువుకు సీసపు ముక్కలూ పెట్టేవారు. ఉప్పుకాగితంతో రుద్దడం అసలే కూడదు. పక్కన ఉండి చూపించి, తాకితే చేతులు కడిగించండి. దాచేటప్పుడు బొమ్మను గుండ్రంగా తిప్పి, దారాలన్నీ ఒకే పేటలా మెలిపడ్డాక రిబ్బన్‌తో వదులుగా కట్టి, గుడ్డసంచిలో వేలాడదీయండి. పెట్టెలో పడుకోబెడితే చిక్కులు మళ్లీ మొదలు.