తిరుపతిలో యూనివర్సిటీ హాస్టల్లో చేరుతున్నా, రూల్స్‌లో నిజంగా పట్టించుకోవాల్సినవి ఏవి?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. తిరుపతిలో పీజీ సీటొచ్చింది, యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో చేరుతున్నా. రూల్స్ కాగితాలిచ్చి నన్నూ నాన్ననూ సంతకాలు పెట్టమన్నారు. ఇంట్లో అందరికీ ర్యాగింగ్ టెన్షన్. హాస్టల్లో ఉండి వచ్చినవాళ్లు చెప్పండి, వీటిలో దేన్ని సీరియస్‌గా తీసుకోవాలి?

జవాబు:

నేనూ తిరుపతిలోనే అమ్మాయిల హాస్టల్లో ఉండి పీజీ చేశా, తర్వాత రీసెర్చ్ పేరు చెప్పి ఇంకొన్నేళ్లు అక్కడే ఆ నీళ్ల చారు తాగా, కాబట్టి చెల్లీ అని చనువుగానే పిలుస్తున్నా. ఏ హాస్టలో మాత్రం చెప్పను, ఇప్పటికీ అక్కడివాళ్లతో పనులుంటాయి.

ఆ కాగితాలు చేతికి రాగానే అందరూ చూసేది ఇన్‌టైమ్ ఎన్నింటికి, లేటైతే ఫైన్ ఎంత అని. ఇళ్లలో భయమంతా ర్యాగింగ్ గురించో, గేటు బయట ఏమవుతుందో అనో. నేనున్నన్నాళ్లూ ప్రాణం మీదికి వచ్చిన సంగతులు మాత్రం గేటు లోపలే, ప్లగ్ పాయింట్ల దగ్గరే జరిగాయి. "గదుల్లో ఎలక్ట్రిక్ వస్తువులు వాడరాదు" అని ఎక్కడో కింద ఒక లైను ఉంటుంది చూడు, ముందు దాన్ని చదువు.

కార్తీక మాసం వస్తే హాస్టల్లో సగం మందికి తెల్లారక ముందే తలస్నానం కావాలి. సోలార్ నీళ్లు ఆ టైముకి చల్లగా ఉంటాయి, దాంతో ట్రంకు పెట్టెల అడుగు నుంచి హీటర్ రాడ్‌లు బయటికొస్తాయి. మా వరసలోనే ఒక గదిలో ప్లాస్టిక్ బకెట్లో రాడ్ వేసి ఒకమ్మాయి బ్రష్ చేసుకోను పోయింది. నీళ్లు కాగాయో లేదో చూద్దామని ఆమె రూంమేట్, స్విచ్ కట్టేయకుండానే బకెట్లో వేళ్లు పెట్టింది. కింద నేలంతా తడి, కాళ్లకు చెప్పుల్లేవు. కేక కూడా సరిగ్గా రాలేదు, చెయ్యి వెనక్కి రావట్లేదు. పక్కనున్నవాళ్లు లాగబోతుంటే, పాల క్యాన్ మోసుకుని పోతున్న మెస్ అక్క "ముట్టుకోబాకండి!" అని అరిచి, క్యాన్ అక్కడే వదిలేసి పోయి వరండాలో మెయిన్ దించేసింది. ఆ పిల్ల బతికింది. మెస్ అక్కకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు, మోటారు దగ్గర షాక్ కొట్టడం వాళ్ల ఊళ్లో చూసిందంట. మేం మాత్రం సైన్స్ చదివినవాళ్లమే.

లెక్క కూడా చెప్తా, ఎందుకంటే సీనియర్లు "ఏం కాదులే, మేం వాడట్లేదా" అంటారు. గదుల్లో మామూలుగా ఉండేవి 6 ఆంపియర్ల సాకెట్లు. 1500 వాట్ల రాడ్ మన 230 వోల్టుల కరెంటు మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అంటే ఒక్క రాడ్‌తోనే దాని పరిమితి దాటిపోయింది, అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కెటిలూ ఇస్త్రీ పెట్టె కూడా తగిలిస్తే లోపల వైరు వేడెక్కి తొడుగు కరగడం మొదలవుతుంది, అది గోడలో ఉంటుంది కాబట్టి మనకు కనపడదు. కనపడేది సాకెట్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరగడం, చేత్తో తాకితే వెచ్చగా ఉండటం, కాలిన వాసన. గదిలో చేరిన రోజే అన్ని సాకెట్లూ ఒకసారి చూసుకో, అట్లాంటిది ఉంటే ఫోటో తీసి కంప్లైంట్ పుస్తకంలో తేదీతో రాయి, నోటిమాటగా వాచ్‌మన్‌కి చెప్పి ఊరుకోవద్దు. ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే దానంతటదే పడిపోయే స్విచ్) ఊరికే పడిపోతోందంటే మాటిమాటికీ పైకి లేపడం కాదు, ఎవరి గదిలో ఏం పెట్టారో చూడాలి.

అదే నెలలో ఇంకోటి, దీపాలు. గదిలో పూజ చేసుకోవద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ కిటికీ గట్టు మీద కర్టెన్ కింద ప్రమిద పెట్టి క్లాసుకి పోయేవాళ్లను చూశా, మంచం కింద దోమల కాయిల్ వెలిగించి దుప్పటి కిందికి వేలాడేసి నిద్రపోయేవాళ్లను చూశా. దీపం వరండాలోనో తులసి దగ్గరో పెట్టుకో. నిప్పు కరెంటు వల్ల పుడితే నీళ్లు పోయకూడదు, మెయిన్ కట్టేసి, గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండర్ పిన్ను లాగి, మంట మొదట్లోకి కొట్టాలి. ఆ సిలిండర్ ప్రెషర్ చూపే ముల్లు ఉన్న రకమైతే అది పచ్చ భాగం మీద ఉందో లేదో దారిన పోతూ చూడటానికి అర నిమిషం చాలు. మెట్ల దగ్గర రెండో గేటు ఉంటే రాత్రి దానికి తాళం వేస్తారా, ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది అని మొదటి వారంలోనే అడుగు. ఈ ప్రశ్న అడిగితే వార్డెన్ కొంచెం చిరాకు పడొచ్చు, పడనీ.

ఇక తిరుపతిలో మరీ పట్టించుకోవాల్సిన రూలు ఒకటుంది, గదిలో బయటివాళ్లను ఉంచుకోకూడదు అనేది. ఏ ఊళ్లోనైనా ఉంటుంది కానీ తిరుపతిలో దాని బరువు వేరు. నువ్వు హాస్టల్లో చేరావని తెలియగానే, ఇన్నాళ్లూ ఫోన్ చెయ్యని పెద్దమ్మ కూతుళ్లు, పిన్నత్త ఆడపడుచులు, అందరికీ దర్శనం గుర్తొస్తుంది. "ఒక్క రాత్రే కదమ్మా, నీ రూంలో పడుకుంటాం, తెల్లారి కొండెక్కేస్తాం." కాదంటే ఊళ్లో మాటొస్తుంది. అయినా కాదనే చెప్పు, నెపం వార్డెన్ మీద వేసెయ్. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం ఉన్నాయి, టీటీడీవే, అక్కడ చూసుకోమను. ఇది పిసినారితనం కాదు. రాత్రి ఏదైనా అయితే లోపల ఎవరున్నారో లెక్క పెట్టేది రిజిస్టర్ చూసే, అందులో పేరు లేని మనిషిని ఎవరూ వెతకరు. గదిలో ల్యాప్‌టాప్ పోతే మొదటి అనుమానం కూడా మీ చుట్టం మీదే పడుతుంది. హాస్టల్ లెక్కలో పేరు లేకుండా, ఏళ్ల తరబడి ఖాళీ చెయ్యకుండా ఉండే నాన్ బోర్డర్ల సంగతీ ఇంతే, రూంలో అట్లాంటి అక్క ఉంటే ఆమె మంచిదే అయ్యుండొచ్చు, నీ పేరు మీద మాత్రం ఆమెను రాయనివ్వొద్దు.

ర్యాగింగ్ గురించి. ఇంట్లోవాళ్ల భయం ఉత్తది కాదు, అయితే మీ నాన్న రోజుల్లో ఉన్న పరిస్థితి కూడా ఇప్పుడు లేదు. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, ఊరికే ఏడిపించడం, అవమానించడం కూడా అందులో నేరమే, ఆరు నెలల దాకా జైలు. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్తవాళ్లను వీలైనంత వరకు వేరే బ్లాకులో పెట్టాలి. నువ్వూ నాన్నా సంతకం పెట్టిన అండర్‌టేకింగ్ కూడా ఆ నిబంధనల్లోదే. పేరు చెప్పి నాలుగు మాటలు మాట్లాడమంటే మాట్లాడు, పాట పాడమంటే ఇష్టముంటే పాడు, లేకపోతే రాదని చెప్పు. ఫోన్ లాక్కున్నా, రాత్రి పిలిచి నిలబెట్టినా, రికార్డులు రాయించుకున్నా, దుస్తుల గురించి కులం గురించి ఎత్తినా ఇంక ఆలోచించొద్దు. 1800-180-5522, ఇరవై నాలుగు గంటలూ పనిచేసే టోల్ ఫ్రీ నంబరు, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. "ముందు మాలో మేం మాట్లాడుకుందాం" అని సర్దే సీనియర్లుంటారు, వాళ్లతో మాట్లాడటం ఫిర్యాదు చేశాక కూడా కుదురుతుంది.

ఇన్‌టైమ్ సంగతి నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ మంటే. మా క్లాసు అబ్బాయిలు రాత్రి టీ తాగను పోయి ఎప్పుడొచ్చినా అడిగేవాళ్లుండరు, మేం ల్యాబ్ నుంచి కొంచెం ఆలస్యంగా వస్తే ఇంటికి ఫోన్ పోతుంది. యూజీసీ 2015 రెగ్యులేషన్స్‌లోనే స్పష్టంగా ఉంది, భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని. కాబట్టి ఆ రూలు నచ్చకపోతే నలుగురూ కలిసి అర్జీ రాయండి, అది మీ హక్కు. గోడ దూకడం, రిజిస్టర్‌లో ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం మాత్రం వద్దు. ల్యాబ్ పనుంటే గైడ్ దగ్గర లెటర్ రాయించుకుంటే మా దగ్గర ఒప్పుకునేవాళ్లు. లైంగిక వేధింపుల విషయమైతే ఇంటర్నల్ కమిటీ ఉంటుంది, జరిగిన మూడు నెలల లోపు రాసివ్వాలి, ఆ గడువు చాలామందికి తెలియదు.

గేటు బయట భయపడాల్సిందీ ఒకటుంది, ఊరు శేషాచలం అడవిని ఆనుకుని ఉంది కదా. ఎస్వీ యూనివర్సిటీ వైపు చిరుత తిరుగుతోందని పేపర్లో వచ్చింది, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపాపను చిరుత చంపేసింది కూడా. మెస్‌లో మిగిలిన అన్నం వెనకాల పారబోస్తే కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. చీకటి పడ్డాక చెట్ల దారిలో ఒంటరిగా, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడవొద్దు. అక్టోబరు నుంచి వానలు, పాములు మెట్ల దాకా వస్తాయి, చెప్పులు దులిపి వేసుకో, టార్చి ఒకటి కొనుక్కో. కాటు పడితే పసరు, మంత్రం అని తిరగకుండా 108కి ఫోన్ చేసి నేరుగా రుయా ఆస్పత్రికి.

దిగులుగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యొచ్చు, టెలిమానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు. మొదటి నెల సంగటి గుర్తొచ్చి ఏడవడం మామూలే, దానికి ఫోన్ అక్కర్లేదు, శనివారం బస్సెక్కితే చాలు, అవుట్ పాస్ మాత్రం రాయించుకుని పో.

కాషన్ డిపాజిట్ రసీదు ఇప్పుడే ఫోటో తీసి నాన్నకు కూడా పంపు. గదిలో మంచం, ఫ్యాను, కిటికీ అద్దాలు ఎట్లా ఉన్నాయో చేరిన రోజే వీడియో తీసి పెట్టుకో, లేదంటే ఖాళీ చేసేటప్పుడు పాత పగుళ్లకు నీ డబ్బుల్లో కోస్తారు.