పెరట్లో చెక్క నుయ్యి: చేయచ్చు, కానీ కింద మట్టి తగలకూడదు

మొక్కల మధ్య అలంకారంగా పెట్టుకునే విషింగ్ వెల్ (చిల్లర వేసి కోరిక కోరుకునే నుయ్యి) లాంటిది చెక్కతో ఇంట్లోనే చేసుకోగలమా, వానలకు ఆగుతుందా అని అడిగారు కదా. చేసుకోవచ్చండి. నేను రెండు చేశాను. మొదటిది ఒక్క వానాకాలానికే పోయింది, రెండోదానికి ఇప్పుడు నాలుగేళ్లు.

మాది తణుకు దగ్గర. ముందు మొదటిదాని సంగతి చెప్తాను, మీరూ అదే తప్పు చేసేలా ఉన్నారు కాబట్టి. స్తంభాలు నేలలో పాతి, లోపల మట్టి నింపి తీగ మొక్కలు పెడతానన్నారు. నేనూ సరిగ్గా అలాగే చేశాను. ప్యాకింగ్ చెక్క, శంఖుపూల తీగ, చూడ్డానికి ఎంత బాగుందో! కార్తీకం వచ్చేసరికి స్తంభం చేత్తో నొక్కితే వేలు దిగిపోయింది. కింద అంతా చెదలు. పైన వేసిన వార్నిష్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంది.

రెండోసారి కింద ఆరు కడప బండ ముక్కలు పరిచి, వాటి మీద నిలబెట్టాను. నిలువు పలకల కొసలు బండకు అంగుళం పైనే ఆపేశాను. చెక్క నీళ్లు పీల్చేది ఎక్కువగా కోసిన కొసల్లోంచే, అందుకే అక్కడ రంగు రెండు మూడు పూతలు ఎక్కువ వేయండి. పలకల మధ్య రూపాయి బిళ్ల పట్టేంత సందు వదలండి, వానల్లో చెక్క ఉబ్బుతుంది. మట్టి లోపల పోయొద్దు. అడ్డంగా నాలుగు బద్దలు కొట్టి వాటి మీద కుండీలు పెట్టుకోండి, మొక్కలు కడియం నర్సరీల నుంచి తెచ్చినా ఇంట్లోవైనా కుండీలోనే ఉంచేయండి.

ఆకారం ఎనిమిది పక్కలు అన్నారు. ఆరు చాలు. 18 అంగుళాల దారంతో నేల మీద సున్నా గీసి, అదే దారంతో అంచు వెంబడి కొలుచుకుంటూ పోతే సరిగ్గా ఆరు గుర్తులు వస్తాయి. గుర్తుకీ గుర్తుకీ మధ్య దూరమే ఒక్కో పక్క పొడవు. ప్రతి ముక్కకూ రెండు కొసలూ 30 డిగ్రీల వాలుగా కోయాలి. ఎనిమిదికైతే 22.5 డిగ్రీలు, మొత్తం పదహారు కోతలు. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా వస్తే చివరి ముక్క దగ్గర 8 డిగ్రీల సందు మిగులుతుంది. చేతి రంపంతో ఆ టెన్షన్ మనకెందుకు?

చెక్క టేకు అయితే మంచిదే గానీ అలంకారానికి అంత ఖర్చు అనవసరం. పాత ఇళ్లు పడగొట్టిన చోట దూలాలు, తలుపులు దొరుకుతాయి, మేకులన్నీ పీకించి చిత్రిక పట్టించుకోండి. ప్యాకింగ్ చెక్కే వాడతానంటే దాని మీద ముద్ర చూడండి: హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టింది, అది వదిలేయండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. కాలిన ఇంజన్ ఆయిల్ పూయమని చాలామంది చెప్తారు, మొక్కల పక్కన అది వద్దు. ఉడికించిన అవిసె నూనె పూస్తే, తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టండి.

కప్పు రెండు వాలులు, చూరు కనీసం ఆరు అంగుళాలు బయటికి రావాలి. అందానికి చూరు తగ్గిస్తే గోడంతా తడుస్తుంది. గిలక మాత్రం కొత్తది కొనకండి, మీ ఊళ్లో పూడ్చేసిన నూతిది ఎవరింట్లోనో అటకమీద ఉంటుంది. బొక్కెన తేలికది కట్టి, చేంతాడు ముడేసేయండి, పిల్లలు లాగుతారు. గోదావరి వంతెన మీద రైల్లోంచి చిల్లర వేసినట్టే దీంట్లోనూ వేస్తారు. దానికోసం నీళ్ల తొట్టి పెడితే వారానికోసారైనా పారబోసి అంచులు తోమాలి, లేదంటే డెంగీ దోమలు.

ఆ మధ్య మా చెల్లెలికి కాన్పయిన 21వ రోజున నూతిలో చేద వేయించాలంటే మా వీధిలో నుయ్యే మిగల్లేదు. చివరికి ఈ చెక్కదాంట్లోనే ఇత్తడి బిందెతో నీళ్లు పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి కానిచ్చేశారు. ఆ పసుపు మరక ఇంకా ఉంది. చిత్రిక పడితే ఒక్క నిమిషంలో పోతుంది, మా అమ్మ పట్టనివ్వట్లేదు.