రాకాసి గుళ్లు ఎప్పటివి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊరి బయట గుట్ట పక్కన పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులున్నాయి, రాకాసి గుళ్లంటారు. మూడు వేల ఏళ్ల నాటివని పేపర్లో రాశారు. ఆ బండలకు కార్బన్ పరీక్ష చేసి చెప్పారా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: బండకు కార్బన్ పరీక్ష పనికిరాదు. కట్టె, గింజ, ఎముక, గవ్వ, ఇలా ఒకప్పుడు ప్రాణమున్న వాటికే అది చేస్తారు. ఇక గ్రానైటు వయసే లెక్కగడితే తెలంగాణలో దాదాపు 250 కోట్ల ఏళ్లు వస్తుంది. దాన్ని మనుషులు ఎప్పుడు లేపి నిలబెట్టారో ఆ లెక్కలో ఉండదు. అందుకే బండ కింది సమాధిలో ఏముందో చూస్తారు. నలుపు-ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు దొరికితే ఇనుపయుగమంటారు. కానీ ఆ కుండల వాడకం కొన్ని వందల ఏళ్ల పాటు సాగింది. పెంకులు చూసి మూడు వేల ఏళ్లనడం ఉజ్జాయింపే. ఆ వార్తలో ‘సుమారు’ అన్న మాట ఉందేమో మళ్లీ చూడండి.

ఎముకలు దొరికినా చాలాసార్లు ఫలితం రాదు. పరీక్షకు కావలసింది ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్. ఏటా నానుతూ ఎండుతూ ఉండే మన నేలల్లో అది నిలవదు. చేతికి గట్టిగా తగిలిన ఎముకలో కూడా ల్యాబ్‌కు వెళ్లాక ఏమీ మిగలకపోవచ్చు. చివరికి బొగ్గే దిక్కవుతుంది. ఆ బొగ్గు సమాధి కట్టిన నాటిదా, ఎలుక బొరియలోంచి జారిందా, ఎప్పుడో కాలిన చెట్టు వేరుదా అన్నది తవ్వేచోటే తేల్చుకోవాలి. ల్యాబ్ చెప్పేది బొగ్గు వయసే. అది సమాధికీ వర్తిస్తుందని చూపించాల్సింది తవ్వినవాళ్లు.

ప్రశ్న: ఒక తవ్వకం రిపోర్టులో ‘2450±30 బీపీ’ అని చూశాను. అంటే ఇప్పటికి 2450 ఏళ్లు, మహా అయితే 30 ఏళ్లు అటూఇటూ అనేనా?
– పీజీ చరిత్ర విద్యార్థిని, తిరుపతి

జవాబు: కాదు. ఈ పొరపాటు పత్రికల్లో తరచూ కనిపిస్తుంది కాబట్టి వివరంగా చెబుతాం.

బీపీ అంటే ‘బిఫోర్ ప్రెజెంట్’, ఇప్పటికి ముందు అని. ఆ లెక్కలో ‘ఇప్పుడు’ అంటే 1950వ సంవత్సరం. ±30 అన్నది కొలతలోని తేడా మాత్రమే, అదీ 68 శాతం నమ్మకంతో. అసలు తిరకాసు గాలిలో ఉంది. పరీక్షలో కొలిచేది కార్బన్-14ను, అంటే ప్రాణం పోయాక కాలంతో పాటు తరిగిపోయే ఒక రకం కార్బన్‌ను. గాలిలో దాని పాళ్లు అన్ని కాలాల్లో ఒకేలా లేవు. అందుకే వయసు తెలిసిన చెట్ల వలయాలను కొలిచి గీసిన రేఖతో పోల్చి, ల్యాబ్ అంకెను క్యాలెండర్ ఏళ్లలోకి మారుస్తారు. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా ఆ రేఖ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, అంటే ఆ కాలంలో ఏ ఏటి నమూనాకైనా ల్యాబ్ అంకె ఇంచుమించు ఒకటే వస్తుంది. మీరు చూసిన 2450±30 సరిగ్గా అక్కడే పడుతుంది. మార్చి చూస్తే 95 శాతం నమ్మకంతో సుమారు క్రీ.పూ. 750 నుంచి 410 దాకా ఎప్పుడైనా కావచ్చని వస్తుంది. మన దగ్గర ఇనుపయుగం చివరికొచ్చి పట్టణాలు తలెత్తడానికి ముందటి కాలం ఇది. ఎక్కువ స్పష్టత కావలసిన చోటే పరీక్ష మసకబారుతుంది! ఒకే నమూనా పంపి, వచ్చిన మధ్య అంకెను శీర్షికలో పెట్టే రిపోర్టును మేమైతే నమ్మం. పొరల వరసలో కనీసం అయిదారు నమూనాలుండాలి. కింది పొర పైదాని కంటే పాతదన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ 340 ఏళ్ల విస్తృతి తగ్గుతుంది.

నమూనాగా దూలపు బొగ్గు కంటే మాడిన గింజ మేలు. రెండు వందల ఏళ్ల టేకు మాను నడిమి చేవలోని బొగ్గును పరీక్షిస్తే, ఇల్లు కట్టిన నాటి కంటే రెండు వందల ఏళ్లు ఎక్కువ చూపిస్తుంది. ఉలవ గింజది ఒక్క పంట కాలమే. గింజల కోసం పొర మట్టిని 20 లీటర్ల దాకా తీసి, నీళ్ల బకెట్లో కొద్దికొద్దిగా వేసి కలపాలి. తేలిన నల్లటి నలుసులను పావు మిల్లీమీటరు జల్లెడలో వడకట్టి నీడన ఆరబెట్టాలి.

నమూనాను చేత్తో ముట్టుకోకూడదు. చిమటాతో తీసి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, కవర్లో పెట్టి, గుంత, పొర, లోతు కవరు పైన రాయాలి. చీటీ లోపల వేయకూడదు, దూది చుట్టకూడదు, విరుగుతోందని జిగురు అస్సలు పూయకూడదు. అవన్నీ కార్బనే. ల్యాబ్‌లో ముందు ఆమ్లంతో సున్నాన్ని, తర్వాత క్షారంతో మట్టిలోంచి పట్టిన కుళ్లు పదార్థాన్ని, మళ్లీ ఆమ్లంతో మిగిలినదాన్ని కడుగుతారు. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే ఇప్పటి యాక్సిలరేటర్ పద్ధతికి చివర్లో ఒక మిల్లీగ్రాము కార్బన్ మిగిలితే చాలు. నూటికి ఒక పాలు కొత్త కార్బన్ కలిస్తే 2500 ఏళ్ల నమూనా 30 ఏళ్లే చిన్నదవుతుంది. 40,000 ఏళ్లదైతే ఏకంగా 7000 ఏళ్లు తగ్గిపోతుంది.

ప్రశ్న: కార్బన్ పరీక్ష 50 వేల ఏళ్లు దాటి పనిచేయదంటారు. మరి మా దగ్గరి జ్వాలాపురంలో దొరికిన రాతి పనిముట్లు 74 వేల ఏళ్ల నాటివని ఎలా తేల్చారు?
– ఒక ఉపాధ్యాయుడు, బనగానపల్లె

జవాబు: అక్కడ పనిముట్లను కాదు, వాటి పైనా కిందా ఉన్న మట్టిని పరీక్షించారు. జ్వాలాపురం ఉన్న జుర్రేరు లోయలో, పనిముట్లున్న పొరల మధ్య తెల్లటి బూడిద పొర ఉంది. అది ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతానిది. బూడిదలోని గాజు నలుసుల రసాయన కూర్పు దాన్ని పట్టిచ్చింది. ఆ పేలుడు సుమారు 74,000 ఏళ్ల కిందటిది. కాబట్టి బూడిద కింది పనిముట్లు అంతకంటే పాతవి. పైవాటి విషయంలో జాగ్రత్త కావాలి. ఆకాశం నుంచి నేరుగా రాలింది కొన్ని సెంటీమీటర్లే, మిగిలిన మందం చుట్టుపక్కల నుంచి వానలకు కొట్టుకొచ్చింది. అందుకే పై పనిముట్లు పేలుడైన వెంటనే వచ్చినవని అనలేం.

మట్టికి చేసిన పరీక్ష పేరు ఓఎస్ఎల్ (ఆప్టికల్లీ స్టిమ్యులేటెడ్ ల్యుమినిసెన్స్). ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో అది చెబుతుంది. గుంత గోడలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, రెండు చివరలా వెలుతురు చొరకుండా మూసి తెస్తారు. ల్యాబ్‌లో ఎర్ర దీపం కిందే తెరిచి, వెలుతురు తగిలిన చివరి మట్టిని వయసు లెక్కకు వాడకుండా పక్కన పెడతారు. రేణువులో పోగైన రేడియేషన్ మోతాదును చుట్టూ ఉన్న మట్టి ఏటా ఇచ్చే మోతాదుతో భాగిస్తే వయసు వస్తుంది. వరద మట్టి బురదగా వచ్చి ఎండ తగలకుండానే పూడిపోతే అసలు కంటే ఎక్కువ వయసు చూపిస్తుంది. జ్వాలాపురంలో బూడిద కింద 77,000±6000, పైన 74,000±7000 వచ్చాయి. ఈ రెండు అంకెలే ఉంటే ఏది ముందో చెప్పలేం. ఆ వరస చెప్పింది మధ్యనున్న బూడిద పొర.

ప్రశ్న: చేను దున్నుతుంటే ఏనుగు బొమ్మ ఉన్న సీసపు నాణెం దొరికింది. మా చేను శాతవాహనుల నాటిదేనా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: నాణెం శాతవాహనులది కావచ్చు. అది పడిన మట్టి నాణెం కంటే పాతది కాదని మాత్రమే అంటాం, ఎంత తర్వాతిదైనా కావచ్చు. పైగా నాగలి తిరగేసిన మట్టిలో పొరలుండవు. దాన్ని చింతపండుతో తోమకండి, సీసం మీద అక్షరాలు అరిగిపోతాయి. దొరికిన చోటు గుర్తుపెట్టుకుని తహసీల్దారుకు తెలియజేయండి. పాతిపెట్టిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.