గ్రహణం వస్తోందంటే సరదా, భయం రెండూ: బెంగళూరులో 2019లో మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం. మీరుండేది బెంగళూరులో. అప్పటికి మీరు కడుపుతో ఉండొచ్చు. ఇంట్లో పిల్లలు ఇప్పటినుంచే చూద్దాం చూద్దాం అంటున్నారు, మీ అత్తగారేమో ఆ మాట ఎత్తితేనే కంగారుపడుతున్నారు. మీకూ చూడాలనే ఉంది, కానీ ఏ మూలో భయం పీకుతోంది. ఏం చేయాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. తిండి, నీళ్ళు, మందులు మానకండి. ఆ మూడూ తప్ప, ఒంటికి హాని లేని మిగతావన్నీ పెద్దవాళ్ళు చెప్పినట్టే చేయండి, పోయేదేం లేదు.

2019 డిసెంబర్ 26 గ్రహణం నాటికి నాకు ఆరో నెల. అప్పుడు మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆ రోజు కేరళలో చెరువత్తూరు, తమిళనాడులో కోయంబత్తూరు, దిండిగల్ వైపు సూర్యుడు ఉంగరంలా కనిపించాడు. మన బెంగళూరులో ఉదయం ఎనిమిది దాటగానే పట్టి, పదకొండు దాటాక విడిచింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో దాదాపు 90 శాతం మూసుకుపోయింది. వారం ముందునుంచే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది. టెర్రస్ తాళం తీయించండి, పిల్లలకు కళ్ళద్దాలు తెప్పిద్దాం అని కొందరు. ఆ టైముకి పిల్లల్ని బయటికి పంపే తల్లిదండ్రులకు బుద్ధుందా అని కొందరు. వీళ్ళిద్దరి మధ్యా ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళు గ్రూపులో ఏమీ రాయరు. చూడాలనీ ఉంటుంది, ఏమన్నా అయితే అనీ ఉంటుంది. నేనూ వాళ్ళలో ఒకదాన్నే.

మా అత్తయ్యగారిది గుంటూరు దగ్గర పల్లె. నా కోసమే పండక్కి ముందే వచ్చేశారు. వస్తూనే సంచిలోంచి దర్భలు తీసి దేవుడి గూట్లో పెట్టారు. ఆవిడ లెక్క ప్రకారం సూర్యగ్రహణానికి నాలుగు యామాల ముందు, అంటే పన్నెండు గంటల ముందునుంచి ఏమీ ముట్టకూడదు. ముందురోజు రాత్రి ఎనిమిదికి ఆఖరి ముద్ద. మర్నాడు పదకొండుంబావుకి విడుపు, తర్వాత స్నానం, ఆ తర్వాత వంట. ఎంత తొందరపడినా మధ్యాహ్నం పన్నెండున్నర. అంటే పదహారు గంటల పైచిలుకు. నాకేమో అంతకు ముందు నెలే షుగర్ బయటపడింది. పూటకు పూట తినాలి, ఏ పూటా వదలకూడదు అని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకే అంటించి ఉంది.

అత్తయ్యగారిది మూర్ఖత్వం అనుకుంటే ఆవిడకు అన్యాయం చేసినట్టే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది కదా, కర్ణాటక మీదుగా తెలంగాణ మీదుగా ఒడిశా వైపు పోయింది. అప్పటికి మా బావగారు ఆవిడ కడుపులో ఉన్నారు. నులక మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కకు తిరిగితే బిడ్డకు అవిటి వస్తుందని వాళ్ళ అత్తగారు మంచం పట్టె పట్టుకుని కూచున్నారట. వీధిలో మనిషి అలికిడి లేదు. కోళ్ళు గూట్లోకి పోయిన చప్పుడు మాత్రం వినపడిందట. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ దాహం దాహం అనుకుంటూనే ఉన్నారు, ఎవరూ నీళ్ళివ్వలేదు. బిడ్డ చక్కగా పుట్టాడు. ఆవిడ దృష్టిలో చక్కగా పుట్టింది ఆ జాగ్రత్త వల్లే. నలభై ఏళ్ళపాటు ఒక మనిషి గుండెలో పెట్టుకున్న నమ్మకాన్ని నేను ఫోన్లో ఒక వ్యాసం చూపించి తీసెయ్యగలనా?

అందుకని మేం వాదన పెట్టుకోలేదు. మా ఆయన ఆవిణ్ణి నాతోపాటు చెకప్‌కి తీసుకొచ్చాడు. ఆవిడ సూటిగా అడిగేశారు, గ్రహణం మొర్రి వస్తుందా రాదా అని. డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పింది. బిడ్డ పై పెదవి నాలుగో వారం నుంచి ఏడో వారం లోపే అతుక్కుంటుంది, అంగిలి ఇంకో రెండు మూడు వారాల్లో. ఈ అమ్మాయికి అవన్నీ ఎప్పుడో అయిపోయాయి, స్కాన్‌లో పెదవి కూడా చూశాం. మొర్రి రావడానికి వంశంలో ఉండటం, తల్లికి షుగర్ అదుపులో లేకపోవడం, పొగ తాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఇలాంటివి కారణాలు. గ్రహణమప్పుడు సూర్యుడి నుంచి కొత్తగా ఏదీ రాదు, వచ్చే వెలుగే తగ్గుతుంది. మీరు గనక ఆగస్టు నాటికి మొదటి నెలల్లో ఉంటే ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం మానకండి.

అత్తయ్యగారు నమ్మేశారని చెప్పను. కానీ షుగర్ అన్న మాట మాత్రం ఆవిడకు బాగా తగిలింది. ఇంటికొచ్చాక పంచాంగం తీసి ఆవిడే వెతికారు. పిల్లలకూ ముసలివాళ్ళకూ రోగులకూ నాలుగు యామాల నియమం లేదు, ఒక్క యామం చాలని మన ధర్మశాస్త్రం వాళ్ళే సడలింపు ఇచ్చారు. ఇంట్లో నమ్మకం ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇది చాలా పనికొస్తుంది. ఆ ఒక్క యామం కూడా నాకు ఎక్కువే, మూడు గంటల ముందు ఆపి, గ్రహణం మూడు గంటలూ ఆగి, మళ్ళీ వంట దాకా అంటే కుదరదు. చివరికి ఇద్దరం ఒప్పుకున్నదేంటంటే, ఏడున్నరకు ఇడ్లీ, మధ్యలో తులసాకు వేసిన మజ్జిగ. తులసాకు ఆవిడ షరతు, మజ్జిగ నా షరతు. కత్తి, సూది పట్టుకోనని నేనూ మాటిచ్చాను. ఆ మూడు గంటలు కూరగాయలు తరక్కపోతే నాకొచ్చిన నష్టం లేదు కదా.

ఇంకో సంగతి కూడా పనిచేసింది. 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరుకే వచ్చాడని మా ఆయన చెప్పాడు. ఆ గ్రహణంలో సూర్యుడి వెలుగును రంగులుగా విడదీసి చూస్తే కనపడ్డ పసుపు గీతతోనే హీలియం అనే వాయువు కథ మొదలైంది, భూమ్మీద అది దొరికింది 1895లో. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి అదే గ్రహణాన్ని వనపర్తి నుంచి చూశారు. ఆయనే తర్వాత ఆకాశంలో కనిపించేదానికి సరిపోయేలా లెక్కలు దిద్ది దృగ్గణిత పంచాంగం వేశారు. టెలిస్కోపు పట్టుకున్న మనిషే పంచాంగం కూడా వేశాడంటే అత్తయ్యగారు చాలాసేపు దాని గురించే అడిగారు. ఆ మద్రాసు అబ్జర్వేటరీకి వారసురాలు మన కోరమంగళలోనే ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్.

గ్రహణం పొద్దున నేను పడగ్గదిలో, తూర్పు కిటికీ కర్టెన్లు బిగించేసి. అత్తయ్యగారు పక్కన విష్ణు సహస్రనామం చదువుకుంటున్నారు. కర్టెన్‌కి పైన ఒక చోట చిన్న చిరుగు ఉంది, అంతకు ముందెప్పుడూ పట్టించుకోలేదు. తొమ్మిది దాటాక ఎదురు గోడ మీద రూపాయి బిళ్ళంత వెలుగు మరక, చూస్తే కొడవలిలా వంగి ఉంది. ముందు చూసింది ఆవిడే. చదవడం ఆపి, "అమ్మాయ్, గోడ మీద అదేంటి?" అన్నారు. సూర్యుడే అత్తయ్యా, ఆ చిల్లులోంచి పడుతున్న బొమ్మ అన్నాను. లేచి దగ్గరకెళ్ళారు. నెమ్మదిగా సన్నబడుతోంది. మబ్బు అడ్డం వచ్చినప్పుడు మాసిపోయి, మళ్ళీ తేరుకుంటోంది. గోడ మీద చెయ్యి పెడితే ఆ కొడవలి అరచేతిలోకి వచ్చింది. ఆవిడ చెయ్యి తీసెయ్యలేదు. "చూడకూడదంటారు గానీ, ఇది చూసినట్టా చూడనట్టా?" అని నన్నడిగారు. నాకేం చెప్పాలో తోచలేదు. మజ్జిగ తాగాను. ఆవిడ సహస్రనామం మళ్ళీ మొదలుపెట్టి పూర్తిచేశారు, మధ్యమధ్యలో గోడ వైపు చూస్తూనే.

టెర్రస్ మీద ఉన్నవాళ్ళలో కొందరు నిరాశపడ్డారని తర్వాత తెలిసింది. 90 శాతం అంటే చీకటి పడుతుంది, చుక్కలు కనపడతాయి అనుకున్నారు. అలా ఏం ఉండదు. మిగిలిన పది శాతం సూర్యుడే పట్టపగల్ని నిలబెడతాడు. ఎండ పలచబడుతుంది, గాలి కాస్త చల్లబడుతుంది, నీడల అంచులు వింతగా ఉంటాయి, అంతే. పిల్లలు మాత్రం బూందీ గరిటె పట్టుకుని నేల మీద వందల చిన్న చిన్న నెలవంకలు వేసుకున్నారు. పై అంతస్తులో అనంతపురం వాళ్ళు ఇత్తడి పళ్ళెంలో నీళ్ళుపోసి రోకలి నిలబెట్టారు, అది నిలబడింది. వాళ్ళ అబ్బాయి మర్నాడు ఏ గ్రహణమూ లేకుండా నిలబెట్టి చూశాడు, అప్పుడూ నిలబడింది. అడుగున పొన్ను సమంగా ఉన్న రోకలి ఎప్పుడైనా నిలబడుతుంది. ఆ పిల్లవాడు అలా పరీక్ష చేసి చూడటం నాకు గ్రహణం కన్నా ఎక్కువ నచ్చింది.

అదే పొద్దున ఇదే రాష్ట్రంలో, కలబురగి దగ్గర తాజ్‌సుల్తాన్‌పూర్‌లో, వైకల్యం ఉన్న పిల్లల్ని బాగవుతారన్న ఆశతో మెడదాకా మట్టిలో పూడ్చిపెట్టారు. ఆ ఫొటోలు చూసి నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. దర్భ, స్నానం, జపం ఒక ఎత్తు, పిల్లవాడి ఒంటి మీదికి వచ్చేది ఇంకో ఎత్తు. గీత అక్కడ గట్టిగా గీయాలి, అక్కడ మొహమాటం పనికిరాదు.

ఇక మీ ఆగస్టు 2 సంగతి. సంపూర్ణ గ్రహణం మనకు కాదు. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, సౌదీ మీదుగా పోతుంది, ఈజిప్టులో లక్సర్ దగ్గర ఏకంగా 6 నిమిషాల 23 సెకన్లు. బెంగళూరులో సాయంకాలం పాక్షికంగా, బింబంలో సగానికి తక్కువే పడుతుంది, పొద్దుగూకేలోపు విడుస్తుంది. లోకమంతా ఆరు నిమిషాలు చీకటి అని 2025లో తిరిగిన మెసేజ్ మళ్ళీ తిరుగుతుంది, పట్టించుకోకండి. ఆ రోజు సోమవారం, ఆషాఢ అమావాస్య. కన్నడ వాళ్ళకు భీమన అమావాస్య కూడా, ఇక్కడ ఆడవాళ్ళు భర్త కోసం పూజ చేసుకునే రోజు. కాబట్టి ఇరుగుపొరుగులో పూజ ఎప్పుడు, భోజనం ఎప్పుడు అన్న గందరగోళం మామూలు కన్నా ఎక్కువే ఉంటుంది. ఆగస్టు మబ్బులు కూడా లెక్కలో వేసుకోండి.

చూడాలనుకుంటే ఐఎస్ఓ 12312-2 (సూర్యుణ్ణి చూసే అద్దాలకు ఉన్న భద్రతా ప్రమాణం) అని రాసి ఉన్న కళ్ళద్దాలు నమ్మకమైన చోట కొనండి, గీతలు పడ్డవి వాడకండి. 14వ నంబరు వెల్డింగ్ గాజు కూడా సరిపోతుంది. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, చలవ కళ్ళద్దాలు, పసుపు నీళ్ళలో నీడ, ఇవేవీ వద్దు. కంటి లోపలి పొర కాలితే నొప్పి తెలియదు, అందుకే పిల్లల పక్కన ఒక పెద్దవాళ్ళు నిలబడాలి. చౌడయ్య రోడ్డులోని నెహ్రూ ప్లానెటేరియం వాళ్ళు ఇలాంటప్పుడు జనానికి చూపించే ఏర్పాట్లు చేస్తుంటారు, ముందుగా కనుక్కోండి. మీరు బయటికి రాలేకపోయినా ఫర్వాలేదు. సాయంత్రం గనక పడమటి కిటికీకి ఒక అట్టముక్క అడ్డంపెట్టి సూదిమొనంత చిల్లు పొడిస్తే బొమ్మ గోడ మీదికే వస్తుంది. ఆ సూది మీరు పట్టుకోవద్దంటే మీ ఆయన్ని పట్టుకోమనండి, అదీ గ్రహణం పట్టక ముందే.

ఇంకొక్కటి, ఎవరూ చెప్పరు. విడుపు స్నానానికి అపార్ట్‌మెంట్ మొత్తం ఒకేసారి కుళాయిలు తిప్పుతుంది. 2019లో మా ట్యాంకు అరగంటలో అడుగంటింది, ట్యాంకర్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. ముందే రెండు బకెట్లు పట్టి పెట్టుకోండి.

ఈసారి మబ్బు పట్టినా దిగులుపడకండి. 2031 మే 21న ఉంగరం మదురై మీదుగానే వెళ్తుంది. మీ బిడ్డకు అప్పటికి మూడో నాలుగో ఏళ్ళుంటాయి. బెంగళూరు నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున దిగొచ్చు. మేమైతే వెళ్తున్నాం.